రెండో సొరుగులో ఇల్లు మారిన కార్డు

పోయిన వారం మిమ్మల్ని చాపెల్లో నోరు తెరిపించి వదిలేశాను. ఆ రోజు నా నోరూ అలాగే తెరుచుకుపోయింది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోవద్దు. కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

మాది సిస్టర్లు నడిపే ఆడపిల్లల హైస్కూలు. నేనూ ఇక్కడే చదివాను. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే మెట్ల కింది గదిలో కూర్చుని, బడి వదిలి వెళ్లిన ఆడపిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో కార్డుల మీద రాసి సొరుగుల్లో పెట్టుకుంటున్నాను. ఏడాదికి రెండు ఉత్తరాలు అందరికీ పంపుతాను. నన్ను అడ్రసుల అక్క అంటారు. తల్లీ అక్కా అనే పిలుస్తుంది, ఆమె కూతురూ అక్కా అనే పిలుస్తుంది, వరసలు నా గది గడప దాటి లోపలికి రావు. బడి పుట్టినరోజు నాడు, చనిపోయిన పాత విద్యార్థినుల పేర్లు చాపెల్లో నేనే చదువుతాను. పేరు, సెక్షను, బడి వదిలిన ఏడాది. ఒక్క ఊపిరి సేపు ఆగడం. మళ్లీ ఇంకో పేరు. ఈసారి నూట పదిహేడో పేరు చదివి ఆగేసరికి, చివరి బెంచీలోంచి బూడిదరంగు చీర కట్టుకున్న ఒకావిడ లేచి నిలబడి, కిటికీ అద్దాలు అదిరేలా "ప్రెజెంట్ సిస్టర్!" అంది.

అక్కడే కదూ ఆపాను. ఆ తర్వాత నేనేం చేశానంటే, నూట పద్దెనిమిదో పేరు చదివాను. నవ్వకండి. చేతిలో కాగితం ఉంది, కాగితం మీద ఇంకా ముప్పై నాలుగు పేర్లు ఉన్నాయి. వాళ్లలో ఇంకెవరు లేచి నిలబడతారోనని ప్రతి పేరు దగ్గరా బెంచీల వైపు చూస్తూనే ఉన్నాను. ఎవరూ లేవలేదు. ఎనిమిదో తరగతి పిల్లలు మాత్రం ఒకళ్ల భుజం మీద ఒకళ్లు పడి నవ్వు ఆపుకున్నారు.

బయటికి రాగానే హెడ్ సిస్టర్ నా పక్కకు వచ్చింది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, ఆమె కూడా అక్కా అనే అంటుంది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"అక్కా, ఇంక చాలు. నాలుగింటికల్లా సొరుగుల తాళాలు నా బల్ల మీద పెట్టండి. ఫోన్లో గ్రూపు పెట్టుకుంటాం, పిల్లలే చూసుకుంటారు. వచ్చే ఏడాది నుంచి ఈ పేర్లు చదవడం కూడా వద్దు."

"అలాగే సిస్టర్" అన్నాను. ఈ సొరుగులు మూసెయ్యొద్దని ఆరు నెలలుగా వాదిస్తున్నదాన్ని, ఆ పూట వాదించే ఓపిక లేకపోయింది. బతికున్న మనిషిని పదేళ్లు వరసగా చచ్చినవాళ్లలో చదివాక ఏ మొహం పెట్టుకుని వాదించను?

బూడిదరంగు చీరావిడ అప్పటికే మెట్ల కింద నా గది ముందు నిలబడి ఉంది. తలుపు తీశాను. లోపల ఇద్దరు మనుషులు కూర్చుంటే మూడో మనిషి తలుపు మూయలేదు, అంతే గది. పైన పిల్లలు మెట్లు దిగినప్పుడల్లా సున్నం పొడి నా కాగితాల మీద రాలుతుంది. గోడకు ఆనించి మూడు సొరుగుల బీరువా. మొదటి సొరుగులో చిరునామా తెలిసినవాళ్లు, రెండో దానిలో పోయినవాళ్లు, మూడో దానిలో ఏమయ్యారో తెలియనివాళ్లు. బడి వదిలిన ఏ ఆడపిల్లయినా ఈ మూడింటిలో ఒకచోట ఉండాల్సిందే.

ఆవిడ స్టూలు మీద కూర్చుని, చెప్పులు విప్పి, పాదాలు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. రాత్రంతా బస్సులో వచ్చిన పాదాలు, వాచి ఉన్నాయి. చేతులు చూశాను. వేళ్ల చివర్లు తెల్లగా నాని, చర్మం ముడతలు పడి ఉంది.

"అక్కా, ఇంతకీ నేను ఎప్పుడు పోయాను?" అంది.

"పదకొండేళ్లయింది" అన్నాను.

"ఏమైందట?"

"జ్వరం."

"జ్వరమా!" నిట్టూర్చింది. "ఆస్పత్రి లాండ్రీలో పదకొండేళ్లుగా రోగుల దుప్పట్లు ఉతుకుతున్నాను, ఒక్క రోజు పడుకున్న పాపాన పోలేదు. మొన్న మా క్లాసమ్మాయి ఒకతె వాళ్లాయన ఆపరేషన్‌కి వచ్చి, నన్ను వరండాలో చూసి కెవ్వుమంది. నువ్వు పోయావు కదే, ఏటా బళ్లో నీ పేరు చదువుతారు కదే అని నా చెయ్యి పట్టుకుని గిల్లి చూసింది. అప్పుడు తెలిసింది నాకు, నేను లేనని."

ఫ్లాస్కులో టీ ఉంటే గ్లాసులో పోసి ఇచ్చాను. చల్లారిపోయి ఉంది. అయినా గడగడా తాగేసింది.

"తిట్టడానికి రాలేదక్కా. నా కూతురి అడ్రసు కావాలి. అది కూడా ఇక్కడే చదివింది కదా. పాత ఇంటికి పోతే ఎవరో కొత్తవాళ్లున్నారు. మావారు ఎటు పోయారో, పిల్ల ఎటు పోయిందో వీధిలో ఒక్కరికీ తెలీదు. ఈ గది తప్ప నాకింక దిక్కు లేదు."

ఇక్కడ నా గది నియమం ఒకటి చెప్పాలి. ఒకరి చిరునామా ఇంకొకరికి ఇవ్వను. ఎవరికైనా ఎవరైనా కావాలంటే ఉత్తరం రాసి నాకివ్వాలి, నేను కవరులో పెట్టి పంపుతాను. అవతలి మనిషికి ఇష్టమైతే జవాబిస్తుంది. తప్పించుకుని బతుకుతున్న ఆడవాళ్లు నా సొరుగుల్లో చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం పెట్టుకున్న నియమం అది. సొంత చెల్లెలు అడిగినా ఇవ్వలేదు నేను.

చెప్పాను. మాటలు నాకే పుల్లగా తగిలాయి.

"చచ్చినదానికి కూడా నియమమేనా అక్కా?" అంది ఆవిడ. కోపంగా అనలేదు. కోపానికి కూడా కాస్త శక్తి కావాలి కదా. "పోనీ, నా కార్డయినా చూపించు. ఎవరు చెప్పారు నేను పోయానని? ఊరికే రాసుకోవు కదా నువ్వు."

ఊరికే రాసుకోను. ఆ మాటకొస్తే అదొక్కటే నా గొప్ప. ఎవరో ఒకరు రాతపూర్వకంగా తెలియజేస్తే తప్ప కార్డును మొదటి సొరుగులోంచి రెండో సొరుగులోకి మార్చను. లేచి, మోకాళ్లు నొక్కుకుని, రెండో సొరుగు లాగి కార్డు తీశాను. ముద్దుపేరు అని ఒక గడి ఉంటుంది మా కార్డు మీద. పెళ్లయ్యాక ఇంటిపేర్లు మారిపోతాయి, క్లాసువాళ్లకు గుర్తుండేవి ముద్దుపేర్లే. ఈవిడ గడిలో 'మైకు' అని ఉంది.

"క్లాసులో హాజరు పలికితే పక్క బిల్డింగులో వినబడేదట నా గొంతు" అంది. మొదటిసారి కాస్త నవ్వింది. "నా కూతురికి జడ వేస్తూ వందసార్లు చెప్పుంటాను. బళ్లో పేరు పిలిస్తే, ఎక్కడున్నా సరే, ఏ మూలనున్నా సరే, పలకాల్సిందేనే అని. మళ్లీ చెప్పమ్మా, మళ్లీ అరవమ్మా అనేది."

కార్డు అందుకుని తిప్పింది. వెనక గుండుసూదితో గుచ్చిన ఇంకో కార్డు ఉంది. దాన్ని నేను మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను.

మా బడిలో చివరి రోజున ప్రతి పిల్ల చేతిలో పది పోస్టుకార్డులు పెడతాం. ఇల్లు మారినప్పుడల్లా ఒకటి రాసి పంపమని చెప్తాం. గుచ్చి ఉన్నది అలాంటి కార్డే. కొత్త ఊరు, ఆస్పత్రి పేరు, లాండ్రీ విభాగం, అన్నీ ముత్యాల్లా రాసి ఉన్నాయి.

ఆవిడ ఆ పోస్టుకార్డును చాలాసేపు చూసింది.

"ఇది నేను పంపిందే."

"అవును."

"అందింది."

"అందింది" అన్నాను.

"అందితే మరి?"

మరి ఏముంది? చెప్పాల్సి వచ్చింది. ఆవిడ పోయిందని ఉత్తరం అందిన రెండు వారాలకు ఈ కార్డు వచ్చింది. చనిపోయిన మనిషి ఇల్లు మారానని కార్డు పంపితే, బుర్ర ఉన్నవాళ్లెవరైనా కుర్చీలోంచి లేస్తారు. నేను లేవలేదు. పాపం, పోయేముందు ఎప్పుడో రాసి ఉంటుంది, పోస్టులో ఆలస్యమై ఉంటుంది అనుకున్నాను. పోస్టు ముద్ర మీద తేదీ కూడా చూడలేదు. గుండుసూదితో గుచ్చి పోయినవాళ్ల సొరుగులో పెట్టి, భద్రంగా తాళం వేశాను. కార్డులు పారేయకూడదన్న నియమం మాత్రం తప్పలేదు!

"ఈ కార్డు నీ కోసం కాదక్కా నేను రాసింది" అంది ఆవిడ. గొంతు ఇప్పుడు మైకులా లేదు, పక్కన కూర్చున్న నాకే సరిగా వినబడలేదు. "మావారు చెయ్యి చేసుకునేవాడు. భరించాను, భరించాను, ఒకరోజు చెవిలోంచి రక్తం వచ్చింది. పిల్ల పదో తరగతి, ముందు పరీక్షలు. దాన్ని లాక్కుపోతే చదువు పోతుంది. ఒక నెలలో గది చూసుకుని వచ్చి తీసుకెళ్తాను, నేనెక్కడున్నా మన బళ్లో తెలుస్తుంది, మెట్ల కింద అక్కని అడుగు అని దాని చెవిలో చెప్పి వెళ్లాను. ఇంటికి రాసిన ఉత్తరాలన్నీ ఆయన తిప్పి పంపేశాడు. ఈ కార్డు ఒక్కటే తిరిగి రాలేదు. తిరిగి రాలేదంటే దానికి అందిందనే కదా అనుకున్నాను. అందినా రాలేదంటే నన్ను వద్దనుకుంది, అంతే కదా. ఒకసారి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను కూడా. పదో తరగతివాళ్లు వెళ్లిపోయారన్నాడు వాచ్‌మన్. ఇంక ఎవర్నీ అడగడానికి మొహం చెల్లలేదు."

నాకు గుర్తొచ్చింది. రెండు జడల పిల్ల. శుక్రవారం శుక్రవారం ఇంటర్వెల్లో వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "అక్కా, మా అమ్మ దగ్గర్నుంచి కార్డేమైనా వచ్చిందా?" అని అడిగేది. మూడు శుక్రవారాలు వచ్చింది. మూడుసార్లూ లేదని చెప్పాను, అప్పటికి నిజంగానే రాలేదు. నాలుగో శుక్రవారం ఆ పిల్ల రాలేదు, చావు కబురు ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత ఈ కార్డు వచ్చింది. తీసుకెళ్లి పిల్లకు చూపిద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. తల్లి రాత చూసి మళ్లీ ఏడుస్తుంది, ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నాను. నా మంచితనం తగలెయ్య.

ఇది ఆవిడకు చెప్పాలా వద్దా? చెప్పాను. దాచడానికి కూడా ఓపిక కావాలి, నా దగ్గర లేదు. ఆవిడ ఖాళీ గ్లాసును రెండు చేతుల్లో అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. తిట్టేస్తే బాగుండునని ఆ రోజులో నాకు రెండోసారి అనిపించింది.

"ఆ ఉత్తరం ఉందా?" అంది చివరికి.

ఉంది. అన్నీ ఉంటాయి నా దగ్గర. ఫైలు తీసి ఇచ్చాను. గీతల కాగితం మీద ఆరు వాక్యాలు. నా భార్య ఫలానా తేదీన జ్వరంతో మరణించినది, ఏటా చాపెల్లో ఆమె పేరు గట్టిగా చదవవలసినదిగా ప్రార్థన, అని. కింద భర్త సంతకం.

ఆవిడ చదవలేదు. కాగితాన్ని కిటికీ వైపు తిప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, అక్షరాల మీద వేలు నడిపింది.

"అక్కా."

"ఊఁ."

"మగవాడికి మన బడి రాత ఎలా వస్తుంది?"

నేను కళ్లద్దాలు పెట్టుకున్నాను. మా బడిలో చేతిరాత నేర్పే సిస్టర్ ఒకావిడ ఉండేది. నలభై ఏళ్లపాటు ప్రతి పిల్లకూ వేళ్లు పట్టి రాయించింది. అక్షరం నిటారుగా, తలకట్టు విడిగా, చివర చిన్న కొక్కెంతో. ఆ కొక్కెం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. కానీ ఇరవై రెండేళ్లుగా నాకొచ్చే ఉత్తరాలన్నీ మా బడి పిల్లలవే, అన్నిటిలోనూ అదే రాత. నా కంటికి అది అసలు కనబడడమే మానేసింది. వంకర టింకర రాతతో వచ్చి ఉంటేనే ఎవరిదబ్బా అని ఆగి చూసేదాన్ని. ఈ ఉత్తరం నా చేతికి అందరి ఉత్తరాల్లాగే వచ్చింది, అందరి ఉత్తరాల్లాగే ఫైల్లోకి పోయింది.

"ఇది నా కూతురి రాత" అంది ఆవిడ. "సున్నాలు చూడు. నేనే దిద్దించాను."

పైన పిల్లలు భోజనాల గంటకు మెట్లు దిగారు. సున్నం పొడి ఉత్తరం మీద రాలింది. ఆవిడ దాన్ని చీర చెంగుతో జాగ్రత్తగా దులిపింది.

"చంపేసిందన్నమాట" అంది. "తన చేత్తోనే. పదిహేనేళ్ల పిల్ల. ఎంత విసిగిపోయి ఉంటుందో పాపం. సర్లే అక్కా, అడ్రసు ఏం వద్దు." స్టూలు మీంచి లేచి చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుంది. "సాయంత్రం బస్సుంది. వెళ్లిపోతాను. నా కార్డు ఎక్కడుందో అక్కడే పెట్టెయ్యి."

"కూర్చోమ్మా" అన్నాను. "నీ కూతురు ఏటా ఈ రోజు నాకు ఫోన్ చేస్తుంది. రక్తపరీక్షల ల్యాబులో పని, పన్నెండున్నరకి భోజనం విరామం. ఆ టైముకే చేస్తుంది. పదేళ్లలో ఒక్క ఏడాది కూడా తప్పలేదు. అడ్రసు నేను ఇవ్వను సరే, దాన్నే అడుగుతాను, నిన్ను చూస్తావా అని."

"ఎందుకు చేస్తుంది ఫోన్?"

"నీ పేరు చదివామా అని అడుగుతుంది. గట్టిగా చదివారా అంటుంది. ఎవరెవరు వచ్చారు అంటుంది. చెప్తాను. అంతేనా అక్కా అంటుంది. అంతేనమ్మా అంటాను. పెట్టేస్తుంది."

"చచ్చినదాన్ని చచ్చినట్టే ఉంచారా లేదా అని చూసుకుంటోంది" అంది ఆవిడ. ఆ మాటతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా ఏడవలేదు.

గోడ గడియారం చూశాను. పన్నెండూ ఇరవై ఎనిమిది. నాలుగింటికి తాళాలు ఇచ్చెయ్యాలి. ఇద్దరం బల్ల మీది నల్ల ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాం. మోగింది.

"అక్కా, చదివారా?" అదే గొంతు. వెనక ల్యాబులో ఏదో మిషను గిర్రుమంటోంది.

"చదివామమ్మా."

"గట్టిగా చదివారా?"

"గట్టిగానే చదివాను."

"ఎవరెవరు వచ్చారు?"

ఏటా ఠకాఠకా చెప్పేదాన్ని. ఫలానా బ్యాచ్ టీచరమ్మ, ఫలానా డాక్టరమ్మ, ముగ్గురు నర్సులు అని. పిల్ల పాపం ఒంటరిది, పాతవాళ్ల కబుర్లు వినాలని ఉంటుంది అనుకునేదాన్ని. ఈసారి నోరు పెగల్లేదు. ఆ ప్రశ్న నాకు అప్పుడు, పదేళ్ల తర్వాత, మొదటిసారి వినబడింది. బడి వదిలి వెళ్లినవాళ్లలో బతికున్నవాళ్ల పేర్లు మా బడిలో ఎవరూ పిలవరు. వాళ్లకు ఉత్తరాలు పోతాయి, అవి ఏ పాత ఇంటి తలుపు కిందో పడి ఉంటాయి. పేరు పెట్టి, గట్టిగా, అందరిముందూ పిలిచేది పోయినవాళ్లను మాత్రమే. పిలిచి, ఒక్క ఊపిరి సేపు ఆగుతాం. కార్డు రాలేదని మూడు శుక్రవారాలు నా తలుపు దగ్గర్నుంచి తిరిగి వెళ్లిన పిల్లకు, తల్లిని పిలిపించడానికి ఇంకే దారి దొరికింది కనుక?

"అక్కా? లైన్లో ఉన్నారా? మాట్లాడరేం?" అంది ఆ పిల్ల. గొంతు సన్నబడింది. "అక్కా... ఎవరైనా లేచి నిలబడ్డారా?"

నేను రిసీవర్‌ను తల్లి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చెవికి ఆనించుకుంది. పెదవులు కదిలాయి, మాట మాత్రం రాలేదు. బడి మొత్తాన్ని అదరగొట్టిన గొంతు కదా, ఊపిరి చప్పుడు తప్ప ఏమీ బయటికి రాలేదు.

అవతల మిషను ఆగిపోయింది. గది చిన్నది కాబట్టి నాకూ వినబడింది. ఆ పిల్ల గొంతు సవరించుకుని, హాజరు పట్టీ తెరిచిన టీచర్లా, తల్లి పేరు చదివింది. పూర్తి పేరు, సెక్షను, బడి వదిలిన ఏడాది.

చదివి, ఆగింది.